పోలిక ఊరు

విత్తనాల కొట్టు నుంచి,
తొలకరి పడ్డ వారం

పిడుగులాంటి మా మరదలికి,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటని మీ అన్నయ్య నవ్వుతున్నాడు. ఫోన్‌లో మాట్లాడితే ఆయన పక్కనే కూర్చుని సగం మాటలు తనే చెబుతాడు, మిగతా సగానికి అడ్డం వస్తాడు. కొట్టు తాళం ఎలాగూ నా దగ్గరే ఉంది కదా అని తలుపు దగ్గరగా వేసుకుని బస్తా మీద కూర్చుని రాస్తున్నాను. ఇక్కడ నా మాటకు అడ్డొచ్చేవి ఎలుకలే.

మీ నాలుగు దేశాల యూనివర్సిటీలు కలిసి పంపిన జొన్న విత్తనం అందింది. నీళ్ళు తక్కువైనా తట్టుకుంటుందట, చూద్దాం. ఇంకుడు గుంటలు తవ్వడం కూడా అయిపోయింది. మొన్న వాన పడినప్పుడు నీళ్ళు రోడ్డు మీద పడి పారిపోకుండా ఆ గుంటల్లోకి దిగుతుంటే ముసలివాళ్ళు కుర్చీలు వేయించుకుని మరీ చూశారు. పోయిన ఏడు ఇదే రోజుల్లో మన బోరు నీళ్ళకు బదులు ఉత్త గాలి కక్కింది. ఇప్పుడు నీళ్ళ చప్పుడు వింటుంటే నాకు పని మీద మనసు నిలవడం లేదు.

మీ ప్రొఫెసర్ గారు మళ్ళీ వచ్చి వెళ్ళారు. సరైన వాన ఎరగని ఊళ్ళో ఆయన గొడుగు చంకలోంచి తీయకుండా తిరుగుతాడు. ఊరంతా ఆయనను గొడుగాయన అంటోంది. ఆయనతో చెప్పకు. చెప్పినా ఫర్వాలేదులే, మనిషి మంచివాడే, పెట్టిందల్లా తిన్నాడు.

ఒక సంగతి కనుక్కుని రాయాలి. నా పుట్టిల్లు వాగు అవతలే కదా. అదే మట్టి, అదే ఆకాశం. మీవాళ్ళు అక్కడికీ వెళ్ళారు. వాన కొలిచే గొట్టం పాతారు, బోర్లలోకి తాడు దించి నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో చూసుకున్నారు, ఇంటింటికీ తిరిగి ఏం తింటారు, ఎన్ని పూటలు తింటారని అడిగారు. ఆ తరువాత విత్తనమూ లేదు, గుంటా లేదు. మా తమ్ముడు దారి చూసి చూసి విసిగిపోయాడు. నువ్వు అందులోనే పరిశోధన చేస్తున్నావు కాబట్టి నీ మాట చెల్లుతుందని వాడి ధీమా. వాళ్ళ వంతు ఎప్పుడో రాయి.

వేళకు తింటున్నావా? పోయినసారి పంపిన ఫోటోలో మెడ తప్ప ఏమీ కనిపించలేదు.

నీ వదిన


యూనివర్సిటీ, మట్టి పరీక్షల గది

వదినకు,

గొడుగు సంగతి చదివి పైకే నవ్వేశాను. పక్క బల్ల అమ్మాయి ఏమిటని అడిగితే చెప్పక తప్పలేదు. ఇప్పుడు ఈ గదిలోనూ ఆయన పేరు అదే. పాపం, ఆయన వెళ్ళేచోట వాన పడదు, ఆయన సొంత దేశంలో ఆగదు.

ఈ గదిలో గోడ పొడవునా అరలు, అరల నిండా మట్టి పళ్ళేలు. ఏ పళ్ళెం ఏ ఊరిదో చీటీ అంటించి ఉంటుంది. మన ఊరి పళ్ళేన్ని నా బల్లకు ఎదురుగా పెట్టించుకున్నాను. ఎవరూ లేనప్పుడు దాని మీద నాలుగు చుక్కలు నీళ్ళు చల్లి వాసన చూస్తాను. అలా చేస్తే ఆ మట్టి పరీక్షకు పనికిరాదని తెలుసు. అయినా చూస్తాను.

ఒక మాట జాగ్రత్తగా విను. మేం పంపిన విత్తనాన్ని మీ పాత విత్తనంతో కలపకు, నీలం డ్రమ్ముల్లోనే ఉంచు. అది ఊరు దాటకుండా చూసుకో. మీ కొట్టు నియమం నేను ఎరగనిది కాదు, ఖాళీ బుట్టతో వచ్చినవాళ్ళను మీరు ఖాళీగా పంపరు, పంట వచ్చాక వాళ్ళు రెండింతలు తెచ్చి పోస్తారు. ఈ ఒక్క విత్తనానికి మాత్రం ఆ నియమం లేదనుకో. కారణం తీరిగ్గా రాస్తాను.

అవతలి ఊరి సంగతి నా చేతుల్లో లేదు. వరసలోనే ఉంది, వాళ్ళ వంతూ వస్తుంది. మీ తమ్ముణ్ణి కాస్త ఓపిక పట్టమను.

నా మెడ గురించి బెంగ పెట్టుకోకు. అది నాతోపాటు చదువుకుంటోంది.

నీ మరదలు


పుట్టింటి వసారా నుంచి,
చేలు మోకాలెత్తు ఉండాల్సిన రోజులు

మరదలికి,

పిడుగని రాయడానికి చేయి రావడం లేదు.

వాగు అవతల ఉన్నాను. మా తమ్ముడి చేను మొలిచింది, జానెడు కూడా పెరగకుండానే మాడిపోయింది. బోరు ఎండింది. వాడి భార్య మన ఊరి బోరు దాకా వచ్చి బిందె నింపుకుని ఆ బరువుతో వాగు దిగి ఎక్కుతోంది. మేత లేక గేదెను మన పెరట్లో కట్టుకోమని నాకు అప్పజెప్పారు. మొన్న దాన్ని అటు తోలుకెళ్ళేటప్పుడు మా తమ్ముడు ఇంట్లోంచి బయటికి రాలేదు.

నిన్న మీ సర్వే అమ్మాయి వచ్చింది. ఎండిన బోరులోకి మళ్ళీ తాడు దించి, రాసుకుని, బయల్దేరబోయింది. మా తమ్ముడు దారికి అడ్డం నిలబడి, కొలవడమేనా, ఇచ్చేదేమైనా ఉందా అని అడిగాడు. ఆ పిల్ల బెదిరిపోయి నిజం చెప్పేసింది. ఇది పోలిక ఊరట. ఏమీ ఇవ్వకపోతే ఊరు ఎలా ఉంటుందో చూసుకోవడానికి దీన్ని ఎంచుకున్నారట.

అంటే నా అత్తింటి ఊరు పచ్చబడిందని లోకానికి తెలియాలంటే నా పుట్టింటి ఊరు ఎండుతూ ఉండాలి. నాకు అర్థమైంది ఇదే. తప్పయితే తప్పని చెప్పు.

నీకు ముందే తెలుసా? నీళ్ళు నమలకుండా ఒక్క ముక్క రాయి.

వదిన


యూనివర్సిటీ, అదే గది

వదినా,

తెలుసు.

మొదటి నుంచీ తెలుసు. ఒకేలా ఉన్న ఊళ్ళను రెండేసి చొప్పున జత కట్టి, రెండు చీటీలు డబ్బాలో వేసి ఒకటి తీశాం. వచ్చిన ఊరికి పని, రానిది పోలిక ఊరు. మన జత వచ్చినప్పుడు, ఆ ఊరి పిల్లవి కదా నువ్వే తీయమన్నారు. నా చేతికి మన ఊరు వచ్చింది. రెండోది వచ్చి ఉంటే ఈపాటికి మీ తమ్ముడు గుంటల్లో నీళ్ళు చూసుకుంటూ ఉండేవాడు, మనం ఎండేవాళ్ళం. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. నీకు రాయలేదు, రాస్తే ఊరుకోవని తెలిసి.

అలాగని తల దించుకుంటాననుకోకు. కోపం నీ ఒక్కదానికే కాదు, నాకూ ఉంది. నేను బడిలో చదువుకునే రోజుల్లో మన ఊరికి ఒక పథకం వచ్చింది, గుర్తుందా? విత్తనాలు పంచారు, గుంటలు తవ్వారు, ఫోటోలు దిగారు. పంట వచ్చింది. ఆ ఏడు వానలు బాగున్నాయి కాబట్టి వచ్చింది, గుంటల గొప్పేమీ లేదని పైవాళ్ళు తేల్చి ఆపేశారు. కాదని చూపించడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. అది ఆగాక ఎన్ని చేలు ఎండాయో ఎవరూ లెక్క అడగలేదు. ఈసారి అలా కాకూడదనే పోలిక ఊళ్ళు పెట్టాం. పక్కనున్న ఊరితో పోల్చి చూపిస్తే ఇక ఎవరూ వాన పుణ్యమని కొట్టిపారేయలేరు. నాలుగు దేశాల్లో ఇంకెన్ని ఊళ్ళకో నీళ్ళొస్తాయి. వచ్చే ఏడు అయిపోగానే పోలిక ఊళ్ళకూ అన్నీ ఇస్తామని ముందే రాసుకున్నాం.

ఇంకొక్క ఏడు ఆగమను. విత్తనం వాగు దాటిందో, ఈ జత మొత్తం కొట్టేస్తారు. బోర్లు ఎండకుండా వచ్చే ఏడు మీకు తవ్వాల్సిన ఊట చెరువు రాదు, వాళ్ళకూ ఏమీ రాదు. నా పరిశోధనలో సగం పోతుంది. దాన్ని చివర్న రాశాను, నా లెక్కలో అది చివరిదే కాబట్టి.

నన్ను తిట్టుకో. కొట్టు మాత్రం తెరవకు.

నీ మరదలు


విత్తనాల కొట్టు నుంచి,
రెండో వాన పడ్డాక

చిరంజీవి మరదలికి,

నీ ఉత్తరం అందింది. బాగా చదువుకున్నదానివి, నీకు తోచింది చెప్పావు. ఇక్కడ అందరం కులాసా. మీ అన్నయ్య కులాసా. గేదె కూడా కులాసా. వాన పడింది. నీలం డ్రమ్ములు కొట్లో పెట్టినచోటే ఉన్నాయి.

ఊరికే ఒక సంగతి అడుగుతాను. మీ జొన్న కాస్త ఆలస్యంగా వేసినా కంకి గట్టిపడుతుందా? ఎవరి కోసమూ కాదు, తెలుసుకుందామని.

ఆరోగ్యం జాగ్రత్త.

వదిన


యూనివర్సిటీ, మెట్ల దగ్గర బల్ల

వదినా,

నన్ను చిరంజీవి అన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. నువ్వు మా ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచీ నన్ను అంత మర్యాదగా పిలిచింది లేదు.

ఆకాశం నుంచి తీసిన ఫోటోలు వచ్చాయి. పైరు ఉన్నచోటు పచ్చగా, ఎండినచోటు గోధుమ రంగులో పడుతుంది. వాగుకు ఇవతల పచ్చ, అవతల గోధుమ రంగు ఉండాలి. అవతల కూడా పచ్చగా ఉంది. గొడుగాయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. వాన గొట్టం పాడైందేమో, ఫోటోలు తారుమారయ్యాయేమో అని ఇద్దరిని పరుగులు పెట్టించారు. అందరూ గొట్టం గురించి మాట్లాడుతుంటే నేను నోరు విప్పకుండా కూర్చున్నాను. ముందుగా పచ్చబడిన చేను ఎవరిదో నాకు తెలుసు. అన్నయ్య పెళ్ళికి ఆ గట్టు మీద నడిచే వచ్చాను, కొత్త చెప్పులు కరిచి ఏడ్చాను కూడా.

అందుకే గదిలో కూర్చోలేక మెట్ల దగ్గర రాస్తున్నాను. డ్రమ్ములు ఉన్నాయన్నావు. వాటిలో ఏముందో చెప్పు.

మరదలు


విత్తనాల కొట్టు నుంచి,
అవతలి ఊళ్ళో కంకులు వేసే రోజులు

మరదలా,

డ్రమ్ముల్లో గాలి ఉంది.

తెరవకని నువ్వు రాసిన ఉత్తరం చదివిన రోజే కొట్టు తెరిచాను. మా తమ్ముడి భార్య ఖాళీ బుట్టతో వచ్చి గడప దగ్గర నిలబడింది. అడగలేదు కూడా. నింపి పంపాను. మర్నాడు ఇంకొందరు వచ్చారు, ఆ మర్నాడు ఇంకొందరు. ఆ ఊళ్ళో సగం ఇళ్ళలో మన ఊరి ఆడపడుచులున్నారు, ఈ ఊళ్ళో సగం ఇళ్ళలో ఆ ఊరి ఆడపడుచులం ఉన్నాం. మీరు జత కట్టేటప్పుడు మట్టి చూశారు, వాన చూశారు, మధ్యలో వాగు ఉంది కదా ఇటుది అటు పోదని ధైర్యంగా ఉన్నారు. ఆ వాగు దాటే కదే నీ వదిన మీ ఇంటికొచ్చింది. ఊరంతా తెలిసినదానివి, నీకైనా తట్టలేదా?

విత్తనంతో ఆగలేదు. మా పనులయ్యాక ఆడవాళ్ళం పారలూ గడ్డపారలూ పట్టుకుని అవతలికి వెళ్ళాం. రెండో వాన పడేలోపు గుంటలు తవ్వేశాం. గుంట తవ్వడానికి నాలుగు యూనివర్సిటీల సంతకాలు అక్కర్లేదనుకున్నాం.

మీ అన్నయ్య నాతో గట్టిగానే పోట్లాడాడు. చెరువు పోతుంది, నోటికాడ కూడు మనమే లాగేసుకుంటున్నాం అన్నాడు. ఊరంతా కూర్చుని మాట్లాడుకుంది. ఆయనకు వత్తాసు పలికినవాళ్ళు తక్కువేమీ కాదు, కొందరు ఇప్పటికీ నన్ను చూసి మొహం తిప్పుకుంటున్నారు. నేను లేచి ఒకటే అన్నాను. "చెరువు పోతే పోనీయండి. వాళ్ళ ఎండిన చేలు చూపించి తెచ్చుకున్న నీళ్ళు నాకు గొంతు దిగవు."

నీ లెక్క తప్పని నేననడం లేదు. ఆ పాత పథకం ఎలా అటకెక్కిందో నాకూ గుర్తే. కానీ మా తమ్ముణ్ణి ఒక్కరైనా అడిగారా, నువ్వు కొన్నాళ్ళు ఎండి చూపిస్తావా అని? అడిగి ఉంటే ఒప్పుకునేవాడేమో, వాడిది మెత్తని మనసు. అడక్కుండా ఎండబెట్టారు. నా కోపమంతా అక్కడే ఉంది.

వెళ్ళి మీ గొడుగాయనకు చెప్పు. చేసింది నేనని చెప్పు, దాచకు.

వదిన

నీ సగం పరిశోధన సంగతి తలుచుకుంటే మాత్రం కన్నీళ్ళు ఆగడం లేదు. అయినా మళ్ళీ అదే రోజు వస్తే మళ్ళీ కొట్టు తెరుస్తాను.


యూనివర్సిటీ, మట్టి పరీక్షల గది

వదినా,

చెప్పాను.

గొడుగాయన లేచి తలుపు వేశారు. మెల్లగా, ఈ జతను చడీచప్పుడు లేకుండా తీసేద్దాం అన్నారు. వాన గొట్టం చెడిందని రాస్తే సరిపోతుందట. నా మీదకు మాట రాదు, మిగిలిన ఊళ్ళతో నా పని పూర్తవుతుంది.

నన్ను కాపాడాలనే ఆయన ఉద్దేశం. అది తెలిసీ ఒళ్ళు మండింది. గొట్టం చెడిందని రాస్తే మీరు తవ్విన గుంటలు లేవు, బుట్టలు మోసిన మనుషులూ లేరు. మీ తమ్ముడు ఎండిందీ లేదు, పచ్చబడిందీ లేదు. నేను లేచి నిలబడ్డాను. "గొట్టం చెడలేదు సార్. మనుషులు వాగు దాటారు. అదే రాస్తాను. కుదరదంటే ఈ పనిలోంచి నా పేరు తీసేయండి."

తీసేశారు. మన జతనూ కొట్టేశారు, చెరువు పోయింది. పోతే పోనీ అని నువ్వు అన్నంత తేలిగ్గా నేను అనలేకపోయాను. ముందే ఒక్క మాట నాతో చెప్పి ఉంటే ఈ పోట్లాట అప్పుడే పడేదాన్ని కదా అని నీ మీద కోపం వచ్చింది. ఇంకా ఉంది. నేను వచ్చాక తీర్చుకుంటాను, సిద్ధంగా ఉండు.

పోలిక లేనిదే పైవాళ్ళు నమ్మరు, ఆ మాట మీద నుంచి నేను కదలను. ఊరినంతా ఎండబెట్టకుండా పోలిక చూపించే దారి ఒకటి ఆలోచించాను. రెండు ఊళ్ళలోనూ ఒప్పుకున్నవాళ్ళు తమ చేలో ఒక్క మడి వదిలిపెడతారు. ఆ మడికి కొత్త విత్తనం లేదు, వాన నీళ్ళు తప్ప వేరే నీళ్ళు లేవు. మిగతా చేను వాళ్ళ ఇష్టం. నష్టం అందరికీ కాస్త కాస్త పడుతుంది, ఒక్కరి నెత్తిన పడదు. వద్దన్నవాళ్ళను ఎవరూ ఏమీ అనరు. ఇది రాసి గొడుగాయన బల్ల మీద పెట్టాను. చదివి, దీనితో చెరువు రాదు, నీ జీతమూ తగ్గుతుంది అన్నారు. తగ్గనివ్వండి, కానీ మీరే స్వయంగా వెళ్ళి వాళ్ళను అడగాలి అన్నాను. సరే అన్నారు.

వస్తున్నారు. ఎవరూ ఒప్పుకోకపోతే ఇక్కడ నా పని ముగిసినట్టే. అలాగని నా మొహం చూసి ఒప్పుకోకండి. అది మళ్ళీ అడక్కుండా ఎండబెట్టినట్టే అవుతుంది.

నీ పిడుగు


వాగు ఒడ్డు నుంచి,
మళ్ళీ చేలు మోకాలెత్తు ఎదిగే రోజులు

పిడుగుకు,

ఈ ఉత్తరం ఆలస్యమైంది. నా కళ్ళతో చూశాకే రాద్దామని ఆగాను.

మీ గొడుగాయన వచ్చాడు, అడిగాడు. వాగులో ఇసుక మీద రెండు ఊళ్ళూ కూర్చున్నాయి. ఆయన మన మాటలు ముక్కలు ముక్కలుగా నేర్చుకుని వచ్చాడు. మీకు చెప్పకుండా మీ ఊరిని పోలికకు పెట్టుకున్నాం, అది మా తప్పు అన్నాడు. తరువాత మడి సంగతి అడిగాడు.

 ఉన్న చేలో ఒక ముక్క ఎండబెట్టుకోవడం ఎవరికి ఇష్టం? నీ పనంతా ఆ ఇసుకలోనే ఇంకిపోయేలా ఉందనిపించింది. నీ మాట గుర్తొచ్చి నోరు కట్టుకుని కూర్చున్నాను. నేను నోరు కట్టుకోవడమంటే ఏమిటో నీకు తెలుసు.

ముందు లేచింది మా తమ్ముడు. తిట్టడానికే లేచాడనుకున్నాను. "ఇన్నాళ్ళూ అడక్కుండా కొలిచారు. ఇప్పుడు అడిగారు. నా చేలో ఒక మడి రాసుకోండి. కాకపోతే ఆ తాడు నేనే దించుతాను, ఎంత వచ్చిందో నాకు చెప్పాకే వెళ్ళాలి" అన్నాడు. గొడుగాయన తాడు తెచ్చి వాడి చేతికిచ్చాడు. ఆ తరువాత ఇటు నుంచి కొందరు, అటు నుంచి కొందరు లేచారు. వద్దన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళను ఎవరూ ఏమీ అనలేదు.

వెళ్ళేటప్పుడు ఆయన గొడుగు మరిచిపోయాడు. గేదె తిరిగి మా తమ్ముడింటికి వెళ్ళిపోయింది కదా, దాన్ని మేపడానికి వాడు ఆ గొడుగు వేసుకుని దొరలా తిరుగుతున్నాడు. కావాలంటే వచ్చి తీసుకోమను.

ఇక మన మడి. బోరు పక్కనున్నది ఇచ్చాను, చేలో అన్నిటికంటే సారమైనది. మీ అన్నయ్య తల పట్టుకుని, మూలనున్న చవుడు ముక్క ఇవ్వకూడదా అన్నాడు. చవుడు ఎలాగూ ఎండుతుంది, దాన్ని చూపిస్తే పైవాళ్ళు నేల తప్పని చెప్పి మళ్ళీ ఆపేస్తారు, మీ చెల్లెలు మొత్తుకునేది అదే అన్నాను.  ఆయన వెళ్ళి నీళ్ళు అటు పోకుండా తనే గట్టు వేసి వచ్చాడు.

ఇప్పుడు ఆ మడిలో పైరు వాడిపోతోంది. పక్కనే బోరు పోస్తోంది. దారినపోయేవాళ్ళు ఆగి, నీళ్ళుండి ఇదేం పని అని అడుగుతున్నారు. పొద్దున్నే చూస్తే నాకూ ప్రాణం ఉసూరుమంటోంది, ఒక్క బిందె పోసేద్దామా అనిపిస్తుంది. పోయడం లేదు.

నువ్వు ఆకాశం నుంచి ఫోటో తీసినప్పుడు పచ్చని చేను మధ్యలో చిన్న గోధుమరంగు మచ్చ కనిపిస్తుంది. ఎవరైనా దాన్ని చూసి గొట్టం చెడిందంటే ఊరుకోకు. అది మా వదిన మడి, ఆమెను అడిగి తీసుకున్నామని చెప్పు.

నీ వదిన